అందరి చూపూ ఎడమచేతి మీదే

కొత్తగా గిటార్ కొన్నవారిలో 90 శాతం మంది మొదటి ఏడాదిలోనే దాన్ని వదిలేస్తారని గిటార్లు తయారుచేసే ఫెండర్ సంస్థ పెద్దలు పత్రికల వారికి చెప్పిన మాట ఇప్పటికీ ఎక్కడో ఒక చోట కనిపిస్తూనే ఉంటుంది. మొన్న మళ్లీ ఒక వ్యాసంలో చదివాను. సరుకు అమ్మేవారు చెప్పిన లెక్క కాబట్టి అటూ ఇటూ అయినా ఆశ్చర్యపోనక్కరలేదు గానీ, గిటార్ తరగతుల్లో కొన్నాళ్లు కూర్చున్నవారెవరూ దాన్ని కొట్టిపారేయలేరు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ లెక్క కాదు, దాని వెనకే వచ్చిన కారణం. మొదట వేళ్ల నొప్పి, ఆపైన ఎఫ్ అనే కార్డ్ (కొన్ని తీగలను ఒకేసారి నొక్కి కలిపి పలికించే స్వరాల గుంపు). ఈ రెండు గండాలూ గట్టెక్కినవారు మిగులుతారు, ఎక్కలేనివారు మానేస్తారు అన్నది ఆ వ్యాసం సారం. 30, 40 ఏళ్లు దాటాక మొదలుపెట్టినవారి విషయంలో దీనికి ఇంకో ముక్క కూడా తగిలిస్తారు: వయసు మీద పడ్డాక వేళ్లు వంగవు.

ఈ కారణం నాకు మింగుడుపడలేదు. పెద్ద వయసులో గిటార్ పట్టినవారు నొప్పికి భయపడి మానేయడం నేను చూసింది తక్కువ. ఆ వయసు వారికి ఓర్పు ఉంటుంది, మొదలుపెట్టిన పనిని మధ్యలో వదలకూడదన్న పట్టుదల ఉంటుంది, వేలి కొనల మీద పడిన గాట్లను నలుగురికీ చూపించుకోవడంలో కాస్త గర్వం కూడా ఉంటుంది. వారు మానేసేది ఆ నొప్పంతా పడ్డాక, పదో పదిహేనో కార్డ్‌లు వచ్చాక, అప్పటికీ చేతిలోంచి పాట అనిపించేది ఏదీ పలకకపోయేసరికి. అలా పలకకపోవడానికి కారణం ఎడమచేతిలో లేదు, కుడిచేతిలో ఉంది. పెద్దవారికి గిటార్ నేర్పే వరుసే తలకిందులుగా ఉందనీ, లయ పట్టే చేతికి ముందు, తీగ నొక్కే చేతికి తరువాత పాఠం చెప్పాలనీ నా వాదన. ఎడమచేతి వాటం వారు ఈ వ్యాసమంతటా చేతులు మార్చి చదువుకోవాలని మనవి.

కాగితం మీదికి ఎక్కేది ఒక్క చేయే

ఎడమచేతి మీద ఇంత మోజు ఎలా వచ్చిందని ఆలోచిస్తే, సగం పాపం అచ్చు పుస్తకానిదే అనిపిస్తుంది. ఎడమచేయి ఒక చోట కుదురుగా నిలబడుతుంది కాబట్టి దాన్ని బొమ్మ గీయవచ్చు. ఆరు నిలువు గీతలు, నాలుగైదు అడ్డగీతలు, వాటి మధ్య మూడు నల్లని చుక్కలు పెడితే సి మేజర్ అయిపోతుంది. చూసి వేళ్లు పెట్టుకోవడమే తరువాయి. కుడిచేతి పని అలా ఒక చోట నిలిచేది కాదు, కాలంతో పాటు కదిలిపోయేది. దాన్ని పట్టుకోవడానికి అంత సులువైన బొమ్మ లేదు. అందుకే కొత్తవారి కోసం రాసిన పుస్తకాల్లో కార్డ్‌ల బొమ్మలు పేజీలకు పేజీలు పరుచుకుంటాయి, కుడిచేతి వంతుకు ఒక పేరా, కొన్ని బాణం గుర్తులు మిగులుతాయి. పాట సాహిత్యం పైన కార్డ్‌ల పేర్లు రాసి పెట్టే పద్ధతి మరీ విచిత్రమైనది. ఫలానా మాట మీద జి, ఫలానా మాట మీద డి అని ఉంటుంది గానీ, ఆ జి ఎన్ని బీట్ల పాటు నిలవాలో, ఈలోగా చేయి ఎన్నిసార్లు ఆడాలో అందులో కనిపించదు. పాట లయ ముందే చేతిలో ఉన్నవారికి అది మంచి జ్ఞాపిక. కొత్తవారికి మాత్రం అదే పాఠం అనిపిస్తుంది, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

మన కళ్లు కూడా ఎడమచేతి పక్షమే. గిటార్ ఒళ్లో పెట్టుకున్నవారు తల వంచి చూసేది ఎడమచేతి వేళ్లనే. వేలు తప్పు తీగ మీద పడితే కనిపిస్తుంది, పక్క తీగకు తగిలి దాని నోరు నొక్కేస్తే వినిపిస్తుంది. కుడిచేయి ఒక బీట్ ఆలస్యమైతే కనిపించదు, వినిపించదు కూడా. ఎదుటివారికి మాత్రమే తెలుస్తుంది.

నాకు తెలిసిన ఒకాయన పద్దులు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నారు. గిటార్‌ను కూడా ఆ పద్ధతిలోనే పట్టారు. కార్డ్‌లకు ఒక పట్టిక తయారు చేసుకుని, ఒక్కొక్కటే సాధించి, టిక్కు పెట్టుకుంటూ వెళ్లారు. మేజర్లు, మైనర్లు అయ్యాయి, సెవెన్త్‌లు అయ్యాయి, సస్పెండెడ్ కార్డ్‌లలోకి కూడా దిగారు. ఒక్కొక్క తీగే మీటి చూపిస్తే ఎక్కడా బరబర లేకుండా పలికించేవారు. ఒక సాయంత్రం వాళ్ల మేనకోడలు ఏదో పాట ఎత్తుకుని, "మామయ్యా, నువ్వు వాయించు" అంది. మొదటి పంక్తిలో మూడు కార్డ్‌లు ఉన్నాయి, మూడూ ఆయనకు వచ్చినవే. రెండోది కుదురుగా పెట్టుకునేసరికి ఆ పిల్ల రెండో పంక్తిలోకి వెళ్లిపోయింది. ఆయన కోసం ఆగింది, మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ ఆగింది. చివరకు, "నేను పాడేసుకుంటాలే మామయ్యా, నువ్వు తరువాత వాయించుకో" అంది. ఎగతాళి చేయాలని అన్నది కాదు, నిజంగానే ఆయనకు సాయం చేద్దామనుకుంది. ఆ తరువాత ఆయన గిటార్ ముట్టుకోవడం బాగా తగ్గిపోయింది. అడిగితే, "నా వేళ్లు లావు, దీనికి పనికిరావు" అంటారు. పట్టికలోని కార్డ్‌లన్నీ ఆ లావు వేళ్లతోనే పలికించారన్న సంగతి ఆయనకు తట్టదు.

ఆగి దిద్దుకునే అలవాటు

ఒక తరగతిలో పెద్దవారి మధ్య పదేళ్ల పిల్లవాడు ఒకడు కూర్చునేవాడు. వాడి జి కార్డ్ వినసొంపుగా ఏమీ ఉండేది కాదు. ఉంగరపు వేలు చాలాసార్లు గాలిలోనే ఉండేది, ఆరో తీగ ఒక్కటే మోగేది. అయినా వాడి చేయి ఆగేది కాదు. తప్పు పడితే పడింది, వాడు తరువాతి కార్డ్‌కు వెళ్లిపోయేవాడు, అది కూడా సగమే పడేది, వాడి కాలు మాత్రం నేల మీద ఆడుతూనే ఉండేది. పక్కన కూర్చున్న పెద్దవారి తీరు వేరు. ఒక తీగ బరబరమనగానే చేయి ఆగుతుంది, తల వంగుతుంది, వేలు ఎత్తి మళ్లీ పెడతారు, తీగ ఒక్కటే మీటి చూస్తారు, "సారీ సర్" అంటారు, పాట మొదటినుంచి ఎత్తుకుంటారు. గంట గడిచేసరికి పిల్లవాడు పాటను తప్పులతో సహా చాలాసార్లు చివరిదాకా వాయించేశాడు. పెద్దవారికి ఆ పాట మొదటి రెండు పంక్తులు తప్ప మిగతాది చేతికి తగలనే లేదు. మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా అదే మాట: "తప్పుగా వాయించండి, ఫరవాలేదు. ఆగకండి."

చెప్పినంత తేలిక కాదు. పెద్దవారికి ఆగి దిద్దుకోవడం ఒక గుణంగా అబ్బి ఉంటుంది. ఉత్తరం పంపేముందు చదివి దిద్దుతాం, లెక్క ముగించేముందు సరిచూస్తాం, వంకర పడ్డ మేకును పీకి మళ్లీ కొడతాం. ఏళ్ల తరబడి మనకు అన్నం పెట్టిన అలవాటు అది. సంగీతంలో ఆ అలవాటు చెల్లదు, ఎందుకంటే అక్కడ దాటిపోయిన బీట్‌ను వెనక్కి వెళ్లి దిద్దే వీలు లేదు. దిద్దబోతే ఇంకో బీట్ పోతుంది. పిల్లలు పెద్దవారికంటే త్వరగా నేర్చుకుంటారని అంటున్నప్పుడు మనం వేళ్ల మెత్తదనం గురించి, మెదడు చురుకుదనం గురించి మాట్లాడతాం. నాకు కనిపించినంతలో వాళ్లకున్న అసలు సౌలభ్యం, తప్పు వాయించినందుకు సిగ్గుపడకపోవడం.

దీనిలో ఇంకో చిక్కు ఉంది. వాయిస్తున్నవారికి తాము ఆగుతున్నట్టు తెలియదు. నమ్మకం కుదరనివారు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినవచ్చు. జి మీద నాలుగు బీట్లు చక్కగా నడుస్తాయి. సి వచ్చే చోట నాలుగో బీట్ సాగుతుంది, ఒక చిన్న ఖాళీ వస్తుంది, తీగల మీద వేళ్లు జారిన చప్పుడు వినిపిస్తుంది, అప్పుడు సి మోగుతుంది. వాయించేటప్పుడు ఆ ఖాళీ చెవిన పడలేదు, ఎందుకంటే వేలికి చోటు వెతికే పనిలో ఉన్న మనసు అంతసేపూ కాలాన్ని లెక్కపెట్టడం మానేసింది. అందుకే ఎవరైనా "లయ తప్పింది" అంటే కొత్తవారు నిజాయితీగానే ఆశ్చర్యపోతారు. పైగా జి నుంచి సి కి మార్చడం రోజూ అభ్యాసం చేస్తూ, ప్రతిసారీ మధ్యలో ఆగుతూ ఉంటే, ఆ ఆగడం కూడా అభ్యాసంలో భాగమై చేతికి ఎక్కుతుంది. కొన్ని నెలల తరువాత కార్డ్ మార్పు వేగం పుంజుకున్నా, ఆ చిన్న ఎక్కిలి మాత్రం పోదు.

ఆరు బాణాలు, ఎనిమిది కదలికలు

కుడిచేతి పాఠం ఎంత నిర్లక్ష్యంగా చెబుతారో తెలియాలంటే, కొత్తవారికి మొట్టమొదట ఇచ్చే స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ కలిపి మీటడం) వరసను చూస్తే చాలు: కిందికి, కిందికి, పైకి, పైకి, కిందికి, పైకి. దీన్ని బాణం గుర్తులతో రాసి ఇస్తారు. నేర్చుకునేవారు ఫోన్ నంబరులా బట్టీ పడతారు. బట్టీ పట్టినట్టే వాయిస్తే ఆ వరస ఎప్పటికీ కుదరదు, ఎందుకంటే అసలు విషయం బాణాల్లో లేదు, బాణాల మధ్య ఉంది.

నాలుగు బీట్లను రెండేసి భాగాలుగా విడదీసి "వన్ అండ్ టూ అండ్ త్రీ అండ్ ఫోర్ అండ్" అని లెక్కపెట్టుకుంటే, అంకె పలికినప్పుడల్లా చేయి కిందికి పోవాలి, "అండ్" అన్నప్పుడల్లా పైకి రావాలి. అంటే చేయి ఎనిమిది సార్లు కదులుతుంది. అందులో తీగలకు తగిలేవి ఆరే. మొదటి అంకె తరువాత వచ్చే "అండ్" దగ్గర చేయి పైకి వస్తుంది గానీ తీగలను తాకదు. "త్రీ" దగ్గర కిందికి పోతుంది గానీ తాకదు. కాగితం మీద పక్కపక్కనే ఉన్న ఆ రెండు "పైకి" బాణాల మధ్య ఒక మూగ "కిందికి" ఉంది. ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే, నేర్చుకునేవారు ఒకసారి పైకి మీటి, చేతిని అక్కడే ఆపి, కంగారుగా కిందికి దించి, మళ్లీ పైకి మీటుతారు. దాంతో పాట కుంటుతుంది. వారు మాత్రం ఇంకా వేగంగా అభ్యాసం చేస్తే అదే సర్దుకుంటుందనుకుంటారు.

దీన్ని సరిచేయడానికి ఒక మాస్టారు చేయించిన పని నాకు బాగా నచ్చింది. ఎడమచేతి నాలుగు వేళ్లనూ తీగల మీద అడ్డంగా, నొక్కకుండా పరవమన్నారు. అప్పుడు ఏ స్వరమూ పలకదు, "చక్ చక్" మనే పొడి శబ్దం మాత్రమే వస్తుంది. తీగలు మీటే చిన్న పలకను, అంటే పిక్‌ను, జారిపోనంత మాత్రమే పట్టుకుని, మోచేతి నుంచి ముంజేతిని వదులుగా ఆడిస్తూ, తడి చేతిని విదిలించినట్టు మణికట్టును తిప్పమన్నారు. కాసేపు ఎనిమిది కదలికలూ తీగలకు తగలాలి. తరువాత చేయి ఆడే తీరు ఏమాత్రం మారకుండా, ఆ రెండు చోట్ల పిక్‌ను తీగలకు అంగుళం దూరంగా పోనివ్వాలి. అంతే పాఠం. తరగతిలో అందరూ ఒకేసారి చక్ చక్‌మంటూ ఉంటే వినడానికి హాస్యంగా ఉంటుంది గానీ, కార్డ్‌ల బాధ లేకపోవడంతో ఎవరి చేయి ఎక్కడ ఆగుతోందో ఎవరికి వారికే మొదటిసారి వినిపించింది.

ఆ తరువాత ఆయన చెప్పిన చిన్న కిటుకు ఈ వాదనకంతటికీ కీలకం. కార్డ్ మార్చే ముందు వచ్చే ఆఖరి "అండ్" దగ్గర ఎడమచేయి తీగలను వదిలేసి దారిలో ఉండవచ్చు. కుడిచేయి మాత్రం ఖాళీ తీగల మీదే ఆ పై దెబ్బ వేసెయ్యాలి. అలా వేస్తే తప్పు వినిపిస్తుందేమోనని కొత్తవారు భయపడతారు. వినిపించదు. అంత చిన్న క్షణంలో రెండు మూడు ఖాళీ తీగలు మోగితే చెవి దాన్ని స్వరంగా పట్టించుకోదు, లయలో ఒక అడుగుగా మాత్రమే తీసుకుంటుంది. గిటార్ వాయిస్తూ పాడేవారి పాత రికార్డులను శ్రద్ధగా వింటే, కార్డ్ మారే చోట ఆ ఖాళీ తీగల దెబ్బ ఎన్నోసార్లు దొరుకుతుంది. అనుభవం ఉన్నవారి దగ్గర కూడా ఎడమచేయి ఆలస్యంగానే వస్తుంది. వారు దాని కోసం కుడిచేతిని ఆపరు, తేడా అంతే.

ఒక్క చేతి మీద గడిచిన జీవితాలు

కుడిచేతి పని కొత్తవారి కోసం తేలిక చేసిన పని అని ఎవరైనా అనుకుంటే, ఫ్రెడీ గ్రీన్ పేరు గుర్తు చేయాలి. 1937లో కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరి, 1987లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆంప్లిఫయర్ లేని గిటార్, బీట్‌కు ఒక దెబ్బ చొప్పున నాలుగు దెబ్బలు, సోలో అన్నది దాదాపు లేదు. అంత పెద్ద బృందం అడుగు తడబడకుండా నడిచింది ఆ దెబ్బల మీద. ఆయన కార్డ్‌లలో చాలాచోట్ల గట్టిగా వినిపించేది ఒకటి రెండు స్వరాలే. ఎడమచేతి బొమ్మల లెక్కన చూస్తే అవి "సగం పడిన" కార్డ్‌లు.

గాయని జోనీ మిచెల్‌కు చిన్నప్పుడు పోలియో సోకి ఎడమచేయి బలహీనపడింది. మామూలు కార్డ్ ఆకృతులు కష్టమై, తీగల శ్రుతినే మార్చుకుని, తక్కువ వేళ్లతో పలికే మార్గాలు వెతుక్కుంది. ఆమె పాటలకు ఉన్న ప్రత్యేకమైన ధ్వని చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. ఇక జాజ్ గిటార్ వాద్యకారుడు జాంగో రైన్‌హార్ట్ సంగతి అందరూ చెప్పేదే: 1928లో అతను నివసించే బండి అంటుకుని ఎడమచేతి చివరి రెండు వేళ్లు చచ్చుబడితే, మిగిలిన రెండు వేళ్లతో సోలోలు వాయించాడు. ఈ ఉదాహరణను కొత్తవారికి ధైర్యం చెప్పడానికి వాడటం నాకు ఇష్టం లేదు. ప్రమాదం జరిగేనాటికే అతను బాంజోతో సంపాదించుకుంటున్న వాద్యకారుడు. ఆఫీసు నుంచి వచ్చి అరగంట సాధన చేసేవారికీ అతనికీ పోలిక లేదు. నేను దాన్ని ప్రస్తావించేది ఇంకో ప్రశ్న కోసం. మంటల్లో చచ్చుబడినవి కుడిచేతి వేళ్లై, మణికట్టు బిగుసుకుపోయి ఉంటే, ఎడమచేతి నాలుగు వేళ్లూ ఉండి అతను ఏం చేయగలిగేవాడు?

నొప్పి సంగతి

ఎడమచేతి కష్టం అబద్ధమని నేను అనడం లేదు. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 12 నుంచి 53 వరకు మందం ఉన్న మామూలు స్టీలు తీగలను ప్రామాణిక శ్రుతికి బిగిస్తే, ఆరు తీగల బిగువూ కలిపి 70 కిలోలు దాటుతుంది. వాటిని మెత్తని వేలి కొనలతో నొక్కాలి. నొప్పి పుట్టకపోతేనే వింత. అయితే ఆ నొప్పిలో రెండు భాగాలున్నాయి. ఒకటి చర్మానిది, రోజూ కొద్దిసేపు వాయిస్తే కొన్ని వారాల్లో కొనలు కాయలు కాస్తాయి. ఆ పని శరీరం చేసుకుంటుంది, దానికి మన తెలివితేటలతో అవసరం లేదు.

రెండోది వాద్యానిది. 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లకు మించి ఎత్తు ఉన్నా, మెడ చివర తీగలు ఆనే నట్ అనే పట్టీకి గాళ్ల లోతు చాలకపోయినా, ఎంత సాధన చేసినా చేయి నొస్తుంది. కొత్త గిటార్లు చాలా వాటిలో ఈ లోపం ఉంటుంది. కాపోను (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే బిగింపును) మొదటి ఫ్రెట్ మీద బిగించి అవే కార్డ్‌లు పట్టి చూస్తే, ఒక్కసారిగా తేలికైపోయాయంటే నట్ ఎత్తుగా ఉందని అర్థం. మరమ్మతు తెలిసినవారు దాన్ని సరిచేయగలరు. 10 నుంచి 47 మందం ఉన్న పలుచని తీగలు వేయించుకుంటే నొక్కవలసిన బలం చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. ధ్వని కొంచెం పలచబడుతుంది, మొదటి ఏడాదిలో అదేమీ నష్టం కాదు. వేలిని రెండు ఫ్రెట్ల మధ్యలో కాక, ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని వెనకే పెడితే సగం బలంతో స్పష్టంగా పలుకుతుంది. కీళ్లు నొస్తే మాత్రం ఓర్చుకోవడం తెలివైన పని కాదు. చర్మం నొప్పి వేరు, మణికట్టు నొప్పి వేరు. మణికట్టు మరీ వంగిపోతోందేమో, బొటనవేలు మెడ వెనక బిగిసిపోతోందేమో ఆగి చూసుకోవాలి.

ఇదంతా ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఎడమచేతి కష్టంలో అధిక భాగం కాలంతోనో పనిముట్టుతోనో తీరిపోతుంది. కుడిచేతి కష్టం దానంతట అది తీరదు. పట్టించుకోకుండా వదిలేస్తే, తప్పు లయ గట్టిపడుతుంది.

నాకూ సందేహాలు లేకపోలేదు

ఈ వాదన విన్న ఒక పాత మాస్టారు నాతో గట్టిగా విభేదించారు. "ఆగకుండా తప్పులు వాయించమంటే తప్పులే చేతికి ఎక్కుతాయి. పలకని కార్డ్‌తో వందసార్లు లయ నిలబెట్టినా అది పలకదు" అన్నారు. ఆయన మాటను తోసిపుచ్చలేను. తీగ నొక్కే పద్ధతి మొదట్లో అశ్రద్ధగా పడితే తరువాత మార్చుకోవడం కష్టమే. దీనికి నేను చెప్పగలిగింది, రెండు పనులనూ కలపకూడదని. కార్డ్ శుభ్రంగా పలికించే సాధనకు లయ అక్కరలేదు. ఒక్కొక్క తీగే మీటుతూ, ఎంత నెమ్మదిగా అయినా, ఎన్నిసార్లు ఆగి అయినా చేయవచ్చు. పాట వాయించే సాధనలో మాత్రం ఆగడానికి వీల్లేదు. పెద్దవారు ఈ రెండింటినీ కలిపేసి, పాట వాయిస్తున్నామనుకుంటూ కార్డ్‌లు దిద్దుకుంటూ కూర్చుంటారు. నా మాటకు ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, "మొదటిది చాలినంత చేయకుండా రెండోదానికి ఎగబడతారు, అది నాకు తెలుసు" అన్నారు. అది కూడా నిజమే.

విసుగు గురించిన అభ్యంతరం ఇంకా బరువైనది. సంగీతం మీద ప్రేమతో గిటార్ తెచ్చుకున్నవారిని వారాల తరబడి నోరు నొక్కేసిన తీగల మీద చక్ చక్‌మనిపిస్తే ఎంతమంది ఉంటారు? నిజమే, స్వరం లేని సాధన ఎక్కువ కాలం నిలవదు. కానీ కార్డ్‌లు అసలే వద్దనడం లేదు నేను. మొదట్లో రెండు చాలంటున్నాను. ఇ మైనర్‌కు ఐదో తీగ మీద, నాలుగో తీగ మీద రెండో ఫ్రెట్ దగ్గర రెండు వేళ్లు పెడితే సరిపోతుంది. ఆ రెండు వేళ్లనూ విడదీయకుండా ఒక్కో తీగ కిందికి, అంటే నాలుగు, మూడు తీగల మీదికి జరిపి, ఆరో తీగను వదిలేసి మీటితే ఎ సస్ టూ పలుకుతుంది. రెండూ నిండుగా మోగే కార్డ్‌లే, ఒకదాని నుంచి ఇంకోదానికి మారడంలో వెతుకులాట లేదు. వాటి మధ్య తిరుగుతూ, చేతి ఎనిమిది కదలికలూ ఎక్కడా తెగకుండా పది నిమిషాలు నడిపితే, వింటున్నవారికి అది సంగీతంగానే వినిపిస్తుంది. పదిహేను కార్డ్‌లు వచ్చినవారి గదిలోంచి అలాంటి సంగీతం రావడం తక్కువ.

వేళ్లతో మీటే శైలిలో నేర్చుకునేవారికి ఇది వర్తించదని ఇంకొందరంటారు. నాకు అక్కడే ఎక్కువ బలం కనిపిస్తుంది. శాస్త్రీయ గిటార్ బోధనలో కుడిచేతి బొటనవేలికీ తక్కిన మూడు వేళ్లకూ విడివిడిగా, ఖాళీ తీగల మీద పని చెప్పడం పాత సంప్రదాయం. మౌరో జూలియానీ 1812లో వియన్నాలో ప్రచురించిన అభ్యాస గ్రంథంలో మొదటి భాగం 120 కుడిచేతి అభ్యాసాలు. వాటన్నిటికీ ఎడమచేతికి ఇచ్చినవి సి, జి సెవెన్ అనే రెండే కార్డ్‌లు. ఎడమచేతికి కావాలనే పని తగ్గించి, ధ్యాసంతా కుడిచేతి మీద నిలిపే ఉపాయం అది. స్టీలు తీగల గిటార్‌తో స్ట్రమ్మింగ్ నేర్చుకునేవారి దాకా ఆ ఉపాయం ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. బహుశా ఆ వాద్యం నేర్పేవారి దగ్గరికి వచ్చేవారందరూ మొదటి రోజునే ఫలానా పాట కావాలని అడగడం వల్ల కావచ్చు.

అసలు లయజ్ఞానమే లేనివారి మాటేమిటి అని కూడా అడుగుతారు. చప్పట్లు కూడా తప్పేవారిని చూశాను, కాదనను. అయితే వారిలో చాలామంది మాట్లాడేటప్పుడు, నడిచేటప్పుడు లయ తప్పరు; చేతిలోకి కొత్త వస్తువు వచ్చినప్పుడే తప్పుతారు. అలాంటివారికి గిటార్ పక్కన పెట్టి నోటితో లెక్క పలకడం మందు. టిక్కుమంటూ లయ చూపే మెట్రోనోమ్ వాడమని అందరూ అంటారు, నేను కాస్త వెనకాడతాను. పెద్దవారు దాని టిక్కుటిక్కును అనుసరించరు, తరుముతారు. ఒక టిక్కు తప్పితే ఆగి దిద్దుకుంటారు, పాత రోగం తిరగబెడుతుంది. దానికంటే బాగా తెలిసిన పాట రికార్డును వేగం తగ్గించి పెట్టుకుని, దాని వెంట తీగలు మూసి చక్ చక్‌మనడం మేలు. తప్పిపోయినా పాట ఆగదు, ఎక్కడ కలుసుకోవాలో చెవికి తెలుస్తుంది.

ఇక ఎఫ్ కార్డ్

ఎఫ్ అంత కష్టమెందుకో చెప్పడం తేలిక. చూపుడు వేలు ఆరు తీగలనూ మొదటి ఫ్రెట్ దగ్గర అడ్డంగా నొక్కాలి. పక్కనే నట్ ఉండటం వల్ల అక్కడ తీగ వంగదు. అదే ఆకృతిని ఐదో ఫ్రెట్ దగ్గర పడితే ఎ మేజర్ అవుతుంది, అక్కడ చాలామందికి సగం కష్టం కూడా ఉండదు. అందుచేత ఇలా ఒక్క వేలిని అడ్డంగా పరిచి నొక్కే బార్ పద్ధతిని నేర్చుకోదలచినవారు ఐదో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క ఫ్రెట్ వెనక్కి రావడం మంచిది. ఈలోపు పాట ఆగనక్కరలేదు. నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ మొదటి ఫ్రెట్ నొక్కి, మొదటి తీగను ఖాళీగా వదిలితే ఎఫ్ మేజర్ సెవెన్ పలుకుతుంది. లావు తీగలు రెంటినీ మీటకుండా ఉంటే చాలు. పాట నడకలో ఎఫ్ ఉండవలసిన చాలా చోట్ల అది హాయిగా ఒదిగిపోతుంది. అది కూడా వద్దనుకుంటే, సి లో ఉన్న పాటను కాపో ఐదో ఫ్రెట్ మీద పెట్టి జి ఆకృతులతో వాయించవచ్చు. అప్పుడు ఎఫ్ స్థానంలో మామూలు సి ఆకృతి వస్తుంది, శ్రుతి మారదు, పాడేవారికి ఏ ఇబ్బందీ ఉండదు.

ఇన్ని దారులున్న కార్డ్‌ను మొదటి నెలలోనే గండంగా ముందు పెట్టి, అది పట్టనివారికి వయసైపోయిందని చెప్పి పంపేస్తున్నారు. కుడిచేయి ఆడనివారిని మాత్రం ఎవరూ ఆపి అడగరు. వారికి వరుసగా ఇంకో కార్డ్ ఇస్తారు.